కంచెకు కట్టిన ఫొటోలు

ఆత్మకూరులో నాకొక చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళ ఫొటోలే బతుకుదెరువు. మూడేళ్ళ కిందట దుత్తలూరు వైపు ఒక పల్లె నుంచి, నాతో చదువుకున్న టీచరమ్మ ఫోన్ చేసింది. వాళ్ళ పాలెం నుంచి సమాధుల తోటకు పోయే దారికి పక్క పొలం రైతు కంచె వేశాడు. శవాన్ని వాగులో దిగి మోసుకుపోవాల్సి వస్తోంది. ఎన్ని అర్జీలు పెట్టినా, అక్కడ దారి ఉండేదనడానికి ఆధారమేదని అధికారులు అడుగుతున్నారట.

వెళ్ళి రెండు రోజులు ఫొటోలు తీశాను. ముడతల ముఖాలు, తడి కళ్ళు. ప్రింట్లు వేయించి గర్వంగా చర్చి అరుగు మీద పరిచాను. ఆ మధ్యే భర్తను పోగొట్టుకున్న అవ్వ ఒక్కొక్కటీ చూసి పక్కన పెట్టింది.

"ఏందమ్మా ఇవి? అందరం ఏడస్తా ఉండాం. దారి యాడుండాది ఇందులో?"

నాకు రోషం వచ్చింది. బస్సులో వస్తూ ప్రింట్లు మళ్ళీ చూసుకున్నాను. అవ్వ మాటే నిజం.

మరుసటి ఆదివారం నా పాత కెమెరాలు రెండూ పాలెం ఆడవాళ్ళ చేతికిచ్చాను. ఎలా తీయాలో నేను చెప్పాను. ఏం తీయాలో వాళ్ళే తేల్చుకున్నారు. కంచె అవతల ఇంకా చెరగని బండి జాడ తీశారు. ముళ్ళకంప తొలగించి హద్దురాళ్ళు తీశారు. తరువాత అవ్వ ఖాళీ మంచం తెప్పించి నలుగురి భుజాలకెత్తించి, వాళ్ళను మోకాటి లోతు వాగు నీళ్ళలోకి దించింది. ఒకామె కాలు జారి మంచం ఒరిగింది. నేను పట్టుకోబోయాను.

"అట్నే ఉండండి!" కెమెరా కంటికి పెట్టుకుని అరిచింది అవ్వ. "ఆయన్ని మోసినప్పుడూ ఇట్నే ఒరిగినాడు."

ఫొటోలన్నీ ఆ కంచె తీగకే క్లిప్పులతో వేలాడదీశారు. రైతు బండి ఆపి దిగాడు.

"ఎవురే నా కంచెకి ఇవి కట్టింది? పీకండి."

"నేనే కట్టినా," అంది అవ్వ. "నువ్వు పీకు. నువ్వు పీకేది కూడా తీస్తాం."

పక్కనే అవ్వ కోడలు కెమెరా ఎత్తింది. అతను తీగ మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాడు.

ఆ ఫొటోలనే అర్జీకి జతచేశారు. సర్వేయరు వచ్చి హద్దురాళ్ళు చూసి, దారి ఉన్నమాట నిజమేనన్నాడు. మనిషి నడిచేంత దారి వదులుతానన్నాడు రైతు. "పాడె పట్టేంత కావాల," అంది అవ్వ. నాలుగు నెలలకు కంచె వెనక్కి జరిగింది.

అతను పాలెం వాళ్ళను పనికి పిలవడం మానేశాడు. ఇప్పుడు వాళ్ళు ఆటోలో పక్క మండలానికి కూలికి పోతున్నారు. కష్టంగా లేదా అని అడిగాను.

"కష్టమే," అంది అవ్వ. "అయితే ఏంది? అడగడం మానుకోవాల్నా?"