ఫిల్టర్ కోసి చూసే మేస్త్రి

మా మేస్త్రిని అందరు మొండోడంటుండిరి. అననియ్యుండ్రి.

ఆర్మూర్ మార్కెట్ యార్డ్ గేటు పక్కన ఆయన షెడ్డు. గల్ఫ్‌ల చిన్న విమానాల ఇంజన్లు బాగుచేసొచ్చి, ఇక్కడ మా ట్రాక్టర్లు చూస్తుండె. ఏ బండి తెచ్చినా ముందుగాల ఆయిల్ ఫిల్టర్‌ను రంపంతోని కోసి, లోపలి కాగితాన్ని ఎండల పరిచి చూసేటోడు. ఎందుకే అంటే, "కొమ్ము విరిచి చూడకుంట పసుపుకు ధర కడ్తరా?" అనేటోడు.

నా ట్రాక్టర్ ఆయన కాడున్న రోజే హైదరాబాద్ నుంచి ఒక సార్ కార్ల వచ్చిండు. ఆయనకు సొంత విమానం ఉన్నదట. ఇంజన్ మొత్తం విప్పి చెయ్యాలంటే విమానం కొన్న దాంట్ల సగం అడుగుతున్నరట అక్కడి కంపెనీవోళ్లు.

"అంత ఎందుకు పెట్టాలి మేస్త్రీ? నువ్వొచ్చి పైపైన సరిచేసి, బాగుందని చెప్పు చాలు. నీ ఏడాది సంపాదన ఒక్కసారే ఇస్తా."

ఒప్పుకోరాదా అని నేను లోపల్లోపల అనుకున్న. మేస్త్రి మాత్రం తను ఫోన్ల తెమ్మంటే సార్ వెంట తెచ్చిన విమానం ఫిల్టర్‌ను కోసి ఎండల పరిచిండు. కాగితం నిండ ఇంజన్ లోపల అరిగి రాలిన ఇనుప రజను తళతళ మెరిసింది.

"మొత్తం విప్పాల్సిందే సార్. పైపైన నేను చెయ్య."

"నీకేం నష్టమయ్యా? ఎక్కేది నేను కదా!"

మేస్త్రి గా కాగితాన్ని మడిచి సార్ చేతుల పెట్టిండు.

"ఎక్కేది నువ్వే సార్. కిందుండేది మేము."