వీరన్న స్టూలు, నా కమాండు

ఈ రోజు జరిగినదానికి నాకు తల తిరుగుతాంది. అందుకే రాసి ఆదోని ఆఫీసు బోర్డుకు అంటిస్తాండాను.

మన నేత సంఘం కంప్యూటరు ఉండేది ఎమ్మిగనూరు ఆఫీసులో. నేను ఈడ నుంచి టెలిఫోను లైను మీద దాంతో పని చేయిస్తాను. పొద్దున దాంట్లోకి కొత్త నూలు లెక్కల ప్రోగ్రాం ఎక్కించినాను. రేపు నేతగాళ్లకు నూలు ఇచ్చేది దాన్ని బట్టే. పాత లెక్కలన్నీ అది మార్చుకునేసరికి సాయంత్రం అవుతాది. మన లైనేమో మాటిమాటికీ తెగుతాది, తెగితే పని ఆగిపోతాది. అందుకని లైను లేకపోయినా లోపల్లోపలే నడిచేటట్టు కమాండు ఇచ్చి, ఫోను పెట్టేసినాను.

మధ్యాన్నం ఆడ కంప్యూటరు చూసుకునే వీరన్న ఫోను చేసినాడు. నేతగాళ్ల ఇంట్లో పుట్టిన మనిషి.

"రఫీ, తెర మీద ఏమీ ల్యాదప్పా. ఆర్పేస్తాండా."

"వద్దన్నా! లోపల నడుస్తాంది."

"ముందర మనిషి ల్యాకుండా ఎట్ల నడుస్తాదప్పా? మనిషి లేస్తే మగ్గం ఆగదా?"

ఎంత చెప్పినా వినల్యా. ఆఖరికి "సరే, నేనే కూచుంటా" అని పెట్టేసినాడు.

సాయంత్రం లైను కలిపి చూస్తే లెక్కలన్నీ మారిపోయినాయి. వీరన్న అన్నానికి కూడా లేవకుండా దాని ముందర స్టూలు మీదే ఉన్నాడంట.

"చూసినావా, మనిషి కూచుంటే ఎట్ల నడిచిందో!" అన్నాడు ఫోనులో.

కాదని చెప్పబోయి ఆగినాను. ఆయన కూచోకుంటే ఆర్పేసేవాడే కదా! ఇంతకూ పని నడిపింది నా కమాండా, ఆయన స్టూలా? తెలిసినోళ్లు ఈ కాగితం కిందనే రాయండి. వీరన్నకు మాత్రం చెప్పొద్దండి.