అత్తగారి భోషాణం పాడిన మధ్యాహ్నం

రాసుకో నాన్నా. అంతంత డబ్బు పోసి ఆ స్పీకర్లు కొనొచ్చా అని కదా అడిగేవు? వాటి సంగతి నాకేం తెలుసు గానీ, మా మావగారు రేడియో కొన్న కబురు చెప్తాను.

నేను కాపరానికొచ్చిన కొత్తల్లో. అప్పటికే మా అత్తగారికి ఏదో జొరమొచ్చి చెవులు పోయేయి. అంతకుముందు ఆవిడ పాడితే కాలవలో పడవలాపుకుని వినేవారట. ఆవిడకి మళ్ళీ పాట వినిపించాలని మావగారి పంతం. చెట్లెక్కి దింపిన ఒక దింపు కొబ్బరికాయల డబ్బంతా పోసి, అమలాపురం నించి పేద్ద రేడియో పడవలో తెచ్చేరు. బేటరీతో పాడేది. చిన్నది చాలదా అంటే, "పెద్దదైతేనే మీ అత్తకి వినపడుద్దమ్మా" అన్నారు.

పెట్టడానికి చోటేదీ? అత్తగారి పుట్టింటి భోషాణం మీద పెట్టేం. మనిషి పడుకున్నా కాళ్ళ దగ్గిర ఇంకా చోటు మిగిలేంత చెక్కపెట్టె అది. లోపల ఇత్తడి సామాను, పైన ఆవిడ పక్క.

మావగారు మీట తిప్పేసరికి ఇల్లదిరిపోయింది. వీధి వీధంతా వచ్చేసేరు. అత్తగారు మాత్రం అందరి మొహాలూ చూసి నవ్వి, "పెట్టె బావుందండీ" అన్నారు. అంతే. మావగారు కండువా దులుపుకుని దొడ్లోకెళ్ళిపోయేరు. పక్కింటి పిన్నిగారు ఊరుకుంటారా? "దింపంతా పోసి మాకు కొనిపెట్టేరే మీ మావగారు!" అన్నారు నాతో.

మర్నాడు మధ్యాహ్నం. గోడమీద కాలవనీళ్ళ వెలుగు ఊగుతోంది. నాకు రెప్పలు వాలిపోతున్నాయి. రేడియోలో ఎవరో వీణ వాయిస్తున్నారు. భోషాణంలో ఇత్తడి బిందెలు కూడా సన్నగా మూలుగుతున్నట్టు... కలో నిజమో. పరుపు ఎండలో వేసేం గదా, అత్తగారు ఉత్తి చెక్కమీదే తల పెట్టి పడుకున్నారు. చూద్దును గదా, కళ్ళు మూసుకునే వేళ్ళతో తాళం వేస్తున్నారు. సరిగ్గా వీణకి!

"మావగారండీ!" అని కేకేసేను.

ఆయన పరిగెత్తుకొచ్చి, ఆవిడ భుజం తట్టి, వినపడతందా అని చేత్తో సైగ చేసేరు.

"చెవిలోకి కాదండీ, ఎముకలోకి వస్తంది" అన్నారు అత్తగారు. "మా పుట్టింటి కర్ర గదా మరి!"

"విన్నావా అమ్మా? డబ్బు పోసింది నేనూ, పేరు వాళ్ళ నాన్నగారి భోషాణానికీ!" అన్నారాయన నాతో. నవ్వుతానే ఉన్నారు, కళ్ళమ్మట నీళ్ళు.

భోషాణం ఇంకా మన వెనకింట్లోనే ఉంది. నువ్వా స్పీకర్లు కొంటే దానిమీద పెట్టి చూడు.

ఆ మధ్యాహ్నం తర్వాత మళ్ళీ దానిమీద పరుపు వెయ్యలేదు నాన్నా. సందేళ ఆవిడ ఈ చివర తల పెట్టుకుంటే, ఆయన కింద కూచుని ఆ చివర చెవి ఆనించేవారు. "మీకూ వస్తందాండీ?" అని అడిగేవారావిడ. ఆయన "ఆయ్" అని, ఆవిడకి తెలిసేలా చెక్కమీద వేలితో ఒక్కటి కొట్టేవారు.