కావాలని తెంపిన పోగు

మొన్న మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఏదో ప్రోగ్రాం రాసుకుంటుంటే పక్కన కూర్చుని చూశాను. మాట సగం రాయకముందే తప్పు కింద ఎర్రగీత పడుతోంది, ఆ పిల్ల దిద్దుకుంటోంది. ఓరి దేవుడా, ఇంత సుఖమా! తొంభైల్లో సూరత్‌లో సీ భాషతో నేను పడ్డ అవస్థ, మీలో ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

పర్వత్ పాటియాలో బట్టల మార్కెట్ పైఅంతస్తులో మా ఆఫీసు, చీరల డిజైన్లు గీసే ప్రోగ్రాం మా పని. నెల రోజులు చూసి ఉంచుకుంటానన్న సేఠ్, శనివారం పల్సానా మిల్లువాళ్లు వస్తున్నారనీ, అప్పటికి డిజైన్‌లో రంగులు పెంచి నడిపించకపోతే సోమవారం నుంచి రావద్దనీ చెప్పేశాడు. ఉద్యోగం పోతే వదినతో పాటు చీరలకు పూసలు కుట్టడమేనని అమ్మ ముందే తేల్చేసింది. పూసల పనంటే నాకు చచ్చేంత విసుగు.

ప్రోగ్రాంలో వాడే పేర్లన్నీ ముందుగా రాసిపెట్టే హెడర్ ఫైల్‌లో రంగుల కోసం కొత్త పేరొకటి చేర్చాను. కంపైల్ చేస్తే, అంటే రాసింది కంప్యూటర్‌కు అర్థమయ్యే భాషలోకి మార్చమంటే, ఆ పేరే నాకు తెలియదు పొమ్మంది. అక్షరం అక్షరం సరిచూశాను, చెరిపి మళ్లీ రాశాను. రెండు రోజులు అదే జవాబు. శుక్రవారం పొద్దున లింబాయత్‌లో మా ఇంట్లో మొహం వేలాడేసుకుని కూర్చుంటే, మేం సాంచ అనే మరమగ్గం మీద రాత్రి పాళీ దిగి వచ్చిన బాపు చూశాడు.

"ఏంది బిడ్డా, గట్ల కూసున్నవ్?"

"ఎన్నిసార్లు రాసినా వింటలేదు బాపూ."

"అసలు నీ మాట దాంక పోతున్నదా, జర గది చూడు మొదలు. మా సాంచ మీద నేనే ఒక పోగు తెంపి చూస్త. ఆగిందా, మంచిగున్నట్టు. ఆగకుంట ఉత్తగనే నడిచిందా, దానికి పోగు సంగతే తెలుస్తలేనట్టు."

ఆఫీసుకు వెళ్లగానే హెడర్ ఫైల్ మొదటి వరుసలో, ఇంగ్లిషు అక్షరాల్లో, 'ఏంది' అని కొట్టాను. సీ భాషకు మా బాపు మాట తెలిసే ప్రసక్తే లేదు కనుక లబోదిబోమనాలి. కిమ్మనలేదు! పాత తప్పే మళ్లీ చూపింది. అంటే రెండు రోజులుగా నేను దిద్దుతున్న ఫైల్‌ను అది చదవనే లేదు. కంపైల్ చేసే ఆదేశాలుండే బ్యాచ్ ఫైల్ తెరిచి చూస్తే, నాకు ముందు పనిచేసి వెళ్లినాయన రాసిపెట్టిన దారి కనిపించింది. అది ఆయన పాత ఫోల్డర్‌లో, అదే పేరున్న పాత హెడర్ దగ్గరికి పోతోంది. ఆ ఒక్క వరుస మార్చాను. ఈసారి 'ఏంది' దగ్గరే గుడ్లు తేలేసి ఆగిపోయింది. తప్పు చూపించినందుకు అంతగా పొంగిపోయింది సూరత్ మొత్తంలో నేనొక్కదాన్నేనేమో. రెండు రోజుల బరువు దిగిపోయి, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను. 'ఏంది' తీసేశాక ప్రోగ్రాం నడిచింది, శనివారం మిల్లువాళ్ల ముందూ నడిచింది, నా ఉద్యోగం నిలిచింది.

ఆ తర్వాత బాపు ఉన్నన్నాళ్లూ, నేను ఆఫీసు నుంచి రాగానే "ఇయ్యాల విన్నదా బిడ్డా?" అని అడిగేవాడు. ఇప్పుడు కంప్యూటర్లు మనం చెప్పకముందే వింటున్నాయి, మా అమ్మాయికి పోగు తెంపి చూసే అవసరమే లేదు, మంచిదే. అయినా మొన్న ఆ పిల్ల ల్యాప్‌టాప్ మూసి లేస్తుంటే, ఇయ్యాల విన్నదా బిడ్డా అని నా నోటి నుంచి వచ్చేసింది. ఎవరు వినాలమ్మా అని నా మొహంలోకి చూసింది.