కాళ్లు కడుక్కునే బండ

బోధన్‌లో నన్ను వెనకాల ‘బొందల సారు’ అంటారు. బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను, ఆదివారాలు సమాధులు చూస్తూ తిరుగుతాను. ఎందుకని అడిగితే నాకూ సరైన జవాబు తెలియదు. రాతి మీద పేరు కనిపిస్తే చదవకుండా దాటిపోలేను, అంతే. ఇక్కడ చక్కెర ఫ్యాక్టరీ కొత్తగా నడిచిన రోజుల్లో జ్వరంతో పోయిన ఇంగ్లీషు ఇంజనీరు సమాధికి తుమ్మకంప నరికి దారి చేసింది నేనే. రెంజల్ వైపు ఒక మెట్ట చెలకలో లింగాయతులు తమ పెద్దాయనను కూర్చోబెట్టి పూడ్చిన గద్దె తెలుసు. నిజామాబాద్ ఖబరస్తాన్‌లో, ఉర్దూ రాని నేను, కాపలా ముసలాయనతో చదివించుకుని రాసుకున్న పలకలు బోలెడు.

ఇంత తిరిగి ఇంటికొస్తే మా అమ్మ వాకిట్లోనే ఆపేస్తుంది. ఆమెను మేము అవ్వా అనే పిలుస్తాం.

“బొందలగడ్డకు పోయొచ్చి గట్లనే లోపలికొస్తవా? ఎన్నిసార్లు జెప్పాలె నీకు? కాళ్లు కడుక్కో పో.”

నీళ్ల తొట్టి పక్కన ఒక నల్ల బండ ఉంది. దాని మీద నిలబడి కాళ్లు కడుక్కున్నాకే నాకు గడప లోపలికి ప్రవేశం.

కిందటేడు చలికాలంలో ఆ ఇంజనీరు మునిమనవరాలు వెతుక్కుంటూ వచ్చింది. తీసుకెళ్లి చూపించాను. రాయి తడుముతూ ఏడ్చింది. నాకు గర్వంగానే అనిపించింది, దాచుకోవడమెందుకు. ఇంటికి తీసుకొచ్చి చాయ్ కూడా తాగించాను. అవ్వ ఆమెనే చూస్తూ కూర్చుంది. ఆమె వెళ్లిపోయాక అవ్వ అడిగింది.

“గా పిల్ల ఎన్నడు సూడని ముత్తాతను సూపిస్తివి. నా బిడ్డను ఎన్నడు సూపిస్తవు?”

నాకంటే ముందు అవ్వకు ఒక ఆడపిల్ల పుట్టింది. పదకొండో నెలలో జ్వరమొచ్చి పోయింది. పసిపిల్లలను కాల్చరు, పూడుస్తారు. బాపు, ఆయన తమ్ముడు చిన్నబాపు ఇద్దరే ఎత్తుకుపోయి మా చెరుకు చేనులో ఎక్కడో పూడ్చి వచ్చారు. తల్లి వెంట పోకూడదన్నారు. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తితే పుట్టబోయే పిల్లలకు మంచిది కాదన్నారు. అలా మా ఇంట్లో ఎవరూ ఎత్తనే లేదు. చేనులో పూడ్చారని నాకూ ఆ రోజే తెలిసింది.

“మీ బాపును నేను అడగలే, ఆయన జెప్పలే. నేను పోయేలోపల ఒక్కపారి ఆ జాగ సూడాలె కొడుకా. గింత బెల్లం పెట్టొస్త.”

బాపు పోయి చాలా ఏళ్లయింది. చిన్నబాపు రుద్రూర్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆ ఆదివారమే వెళ్లి అడిగాను. ఆయనకు అన్నీ గుర్తున్నాయి.

“కాల్వ తూము పక్కపొంటి, ఒడ్డు మీద. కుక్కలు తవ్వుతయని పైన నల్ల బండ పెట్టినం. నేను, మీ బాపు మోసుకొచ్చినం దాన్ని. ఒక అంచుకు ఉలి గాడి ఉంటది. గదే గుర్తు.”

ఆ గాడి నా కాలికి తెలుసు. ప్రతి ఆదివారం కాళ్లు కడుక్కునేటప్పుడు బొటనవేలు ఆనించి నిలబడేది దాంట్లోనే.

ఆ బండను ఇంటికి తెచ్చింది నేనే. ఉద్యోగం వచ్చిన కొత్తలో, చేనంతా ఒకటే మడి చేద్దామని ట్రాక్టరు పెట్టి ఒడ్లన్నీ చదును చేయించాను. బండను ట్రాలీలోకి ఎత్తిస్తుంటే బాపు, “దాన్ని గాడనే ఉండనియ్యరాదు?” అన్నాడు. “దున్నుడుకు అడ్డం బాపూ. ఇంటికాడ కాళ్లు కడుక్కోనీకి పనికొస్తది” అన్నాను. ఆయన తువ్వాల దులుపుకుని కాలువ దిక్కు నడిచాడు. బతికినన్నాళ్లూ ఆ బండ మీద కాలు పెట్టలేదు. తొట్టి అవతల మట్టిలో నిలబడి కడుక్కునేవాడు. ముసలాయన మొండితనం అని నవ్వుకున్నాను. ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది! ఆయన మీద కోపమొస్తుంది, నా మీద అంతకు రెట్టింపు వస్తుంది. ఆ కోపం ఇప్పుడు ఎవరికీ పనికిరాదు.

ఆ చేను ఎప్పుడో ఒక ఆంధ్రా రైతుకు అమ్మేశాం. వెళ్లి సంగతి చెబితే పాపం ఆయన పని మానుకుని నా వెంట తిరిగాడు.

“తూము మేం కొన్నాక ఇటు జరిపామండీ మాస్టారూ. పాతది ఎక్కడుండేదో నాకూ గుర్తు లేదండీ. చేను మీదే అనుకోండి, ఎక్కడైనా చూసుకోండి.”

ఎక్కడని చూడను? తలకు మించి పెరిగిన చెరుకు, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే తీరు. ఊరివాళ్ల సమాధులన్నీ నోటికి చెప్పగలను. మా అక్కను పోగొట్టింది నేనే.

అవ్వకు నిజం చెప్పేద్దామనే అనుకున్నాను. పొద్దున్నే స్నానం చేసి, బెల్లం ముక్క కొంగున ముడేసుకుని, ఆటో కోసం వాకిట్లో నిలబడ్డ మనిషిని చూశాక చేతకాలేదు. చేను దగ్గర దిగి నా భుజం పట్టుకుని, “ఏడ?” అంది. గట్టుకు దగ్గరగా ఉన్న ఒక చెరుకు దుబ్బు మొదలు చూపించాను.

“గిదే అవ్వా.”

కూలబడి మట్టిని అరచేత్తో చాలాసేపు నిమిరింది. బెల్లం పెట్టింది. ఏడవలేదు.

“మీద ఏమన్న పెట్టిండా మీ బాపు? ఊకెనే ఇడిసిపెట్టిండా?”

“బండ పెట్టిండంట.”

“ఏది మరి?”

“దున్నుడుల పోయింది అవ్వా.”

“పోతే పోనీ. పెట్టిండు గదా, గంతే సాలు” అంది. ఇన్నేళ్లూ ఆమెను తొలిచింది ఆ అనుమానమేనని అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చాక నేను గడప వైపు నడవబోతే చెయ్యి పట్టి ఆపింది. తొట్టి దగ్గరికి వెళ్లి, చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని, బండ ఎక్కి నిలబడింది.

“బొందకాడికెల్లి వస్తిమి. నీళ్లు పొయ్యి కొడుకా.”

చెంబు ముంచాను. ఆమె మడమ సరిగ్గా ఉలి గాడి పక్కన ఉంది. నా చెయ్యి ముందుకు సాగలేదు.

“పొయ్యవేందిరా?” అంది.

పోశాను.