నాయిన నాలుక, వర్లి సముద్రం

ముంబైలో మా చాల్ వరస గదుల ముందు వరండాలో తల వంచుకొని నడవాలి. వినయం వల్ల కాదు, ఆరేసిన బట్టల వల్ల. వానాకాలంలో అవి ఆరవు, ఎవరూ తీయరు. పక్కింటి చీర అంచు నుంచి కారే బొట్టు సరిగ్గా నా మెడ మీదే పడే ఏర్పాటు ఎవరు చేశారో నాకింకా తెలియదు.

మొన్నటి వానాకాలంలో ఆ బట్టల కిందే స్టూలేసుకొని కూర్చుని, నాయిన ఇక పని మానేస్తానన్నాడు.

నాయిన తాపీ మేస్త్రీ. పాలమూరు నుంచి కామాటిపురాకు వచ్చిన తాతా అంతే. సిమెంటు కలిపే ముందు మా వాళ్లు నీళ్లనూ ఇసుకనూ నాలుకకు తాకించి ఉమ్మేస్తారు. ఉప్పు తగిలితే వద్దంటారు. ఉప్పు చేరిన గోడ తెల్లగా పొంగి పైపూత గిలాబును రాలుస్తుంది, లోపలి ఇనుమును తినేస్తుంది. ఆ నాలుకను సరిచూసుకోవడానికి తాత ఒక ఆచారం పెట్టాడు. ఏటా ఎండాకాలంలో వర్లి ఒడ్డుకు వెళ్లి, రాళ్ల మీద వంగి, ఒక్క చుక్క సముద్రం రుచి చూడాలి. నిండు ఉప్పంటే అది. ముంబై సముద్రాన్ని నోట్లో పెట్టుకునే ధైర్యం మా ఇంట్లో వారసత్వంగా వస్తోంది. నా దాకా రాలేదు.

ఆ ఏడాది ఎండాకాలంలో నాయినకు జ్వరం వచ్చి రుచులన్నీ పోయాయి. కొన్ని వారాలకు తిరిగొచ్చాయన్నాడు కానీ నమ్మకం కుదరలేదు. మంచి వానల్లో నన్ను వెంటబెట్టుకొని వర్లి వెళ్లాడు. ఒక చుక్క చూశాడు. ఇంకొకటి చూశాడు. ఇంటికొచ్చి స్టూలు మీద కూర్చున్నాక అన్నాడు:

"సప్పగున్నది రా. దరియా యాడన్న సప్పగుంటదా? నా నాలుకే పోయింది. రేపు ఎవలింట్లనన్న గోడ పొంగితే నేనేం జెప్పాలె?"

డిగ్రీలో నాది భూగోళం. ఇప్పుడు ఆఫీసులో కవర్ల మీద పిన్‌కోడ్లు సరిచూస్తుంటాను. ఆ చదువు ఇంటికి పనికొచ్చే అవకాశం అదే మొదటిసారి.

"నీ నాలుక కాదు నాయినా, దరియానే మారింది."

"మారుడేంది? దానికేమన్న బదిలీ అయితదా?"

"నీ చెమట అంగీ ఆరితే ఈపు మీద తెల్ల గీతలు పడ్తయి గద. నీళ్లు వోతయి, ఉప్పు మిగుల్తది. ఎండకు మన దరియాకు గూడ అంతే. నువ్వు ఏటా ఎండల్లనే వోతుంటివి. ఇప్పుడేమో వానలు, నాలాలు, మిఠీ నది అన్నీ ఒడ్డుకాడ్నే కలుస్తున్నయి."

అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు. బంగాళాఖాతంలో పెద్ద నదులు కలుస్తాయి కాబట్టి అక్కడ ఉప్పు తక్కువని, చలికాలంలో సముద్రపు ప్రవాహం ఆ చప్పటి నీళ్లను శ్రీలంక చుట్టూ తిప్పి కేరళ వైపు తెస్తుందని చెప్పాను. అవి తేలిక కాబట్టి మూతలా పైనే పరుచుకుంటాయి, కింది చల్లటి నీళ్లతో తొందరగా కలవవు. ఎండ వేడి ఆ పై పొరలోనే నిలుస్తుంది. మబ్బులకు, వానలకు ఆ వేడి కూడా ఒక ఊతం.

"అంటే మన కృష్ణ నీళ్లు గూడ అట్ల తిరిగొస్తయా?"

"కొన్ని. నెలలు పడ్తది."

"పాలమూరుల బస్సెక్కితే ఒక్క రాత్రి గద." తలెత్తి చీరల వైపు చూశాడు. "గీ బట్టలు ఆరకపోనీకె గూడ కృష్ణమ్మనే కారణమంటవ్."

"కొంతవరకు."

"మంచిగున్నది సదువు. గని నా నాలుక సంగతి తేల్లేదు."

అది నిజమే. నా దగ్గర సముద్రాలన్నిటికీ సమాధానం ఉంది, ఒక్క నాలుకకు తప్ప.

అమ్మ లోపల చిక్కుడుకాయ ఒలుస్తూ ఇదంతా వింటోంది. మూడు గ్లాసుల నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. నాయిన కళ్లు మూసుకొని మొదటిది చప్పరించాడు. "ఉప్పు లేదు." రెండోది. "చిటికెడు." మూడోది రెండుసార్లు చూశాడు.

"గిది గూడ చిటికెడే. రెండోదీ మూడోదీ ఒక్కటే. మోసం జేస్తున్నవా?"

అమ్మ చేసింది సరిగ్గా ఆ మోసమే. నాయిన కళ్లు తెరిచి మూడు గ్లాసుల వైపూ చూసి, నవ్వి, తువ్వాలతో మొహం చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత లేచి తాపీ ఎక్కడుందని అడిగాడు. నా మెడ మీద పక్కింటి చీర బొట్టు పడింది. తుడుచుకోవాలనిపించలేదు.

అమ్మ గ్లాసులు తీస్తూ అంది:

"మూడు గ్లాసులతోని తేలేదానికి తండ్రీకొడుకులిద్దరు దరియా దాంక ఎందుకు వోయిన్రు?"