వానపొట్ట కరగని ఊరు

ఆయనను అందరూ రీళ్ళ మామయ్య అనేవారు. మా వీధి చివరి సినిమా హాలులో ప్రొజెక్టరు నడపడమే ఆయన జీవితకాలపు ఉద్యోగం. గోడలకు పోస్టర్లు అంటించే పనిలో చేరి, క్రమంగా ఆపరేటరు అయినారు. భార్య కాన్పులోనే పోగా, కూతురు చిట్టిని క్యాబినులోనే పెంచారు. యంత్రపు వేడికి సున్నం పెచ్చులూడే ఆ ఇరుకు గదిలో, ఖాళీ రీలు డబ్బాలపై పరచిన దుప్పటియే ఆ పిల్లకు పరుపు.

ఆ కాలంలోనే ఒక పిల్లల చిత్రం వచ్చింది. అందులో ఎండల రాణి లోకంలోని నీటినంతా దాచివేస్తుంది. దారి తప్పిన ఒక పిల్లకు, కడుపులో వానను మోసుకు తిరిగే పొడవు చెవుల జంతువు తోడవుతుంది. అది నడిస్తే లోపల నీళ్ళు గలగలమంటాయి. దాని పేరు వానపొట్ట. ఇతర చోట్ల ఆ చిత్రాన్ని వారం తిరగకుండానే ఎత్తివేశారు. రీళ్ళ పెట్టెను వెనక్కు తీసుకుపోవడానికైనా ఎవరూ రానందున, అది మా హాలులోనే ఉండిపోయింది. కొత్త బొమ్మ దొరకనప్పుడల్లా యజమాని దానినే వేయించేవారు.

చిట్టికి అదంటే ప్రాణం. అయితే వానపొట్ట ఆ పిల్లను వీపున ఎక్కించుకొని కొండ ఎక్కే ఘట్టం వచ్చేసరికి ప్రతిసారీ నిద్రపోయేది. తెల్లవారగానే ప్రశ్నించేది.

“తర్వాత ఏమైంది నాన్నా?”

“ఏమవుతుంది? ఇద్దరూ కొండ దాటి వెళ్ళిపోయారు.”

“మరి నీళ్ళో?”

“అవతల బోలెడున్నాయి. రా, ముందు తల దువ్వుతాను.”

“వానపొట్ట దువ్వుకుంటుందా ఏంటి? నాకూ వద్దు.”

నిజానికి కథ అలా ముగియదు. కొండ కొమ్మున వానపొట్ట తనంతట తానే కరిగి, వానగా కురిసిపోతుంది. ఆ వానలో తడుస్తూ పిల్ల ఒక్కతే పాడే పాటతో చిత్రం పూర్తవుతుంది.

ఒక వేసవిలో చిట్టి జ్వరంతో కన్నుమూసింది. ఆయన తిరిగి విధులలో చేరిన నాడు ఆడినది ఆ చిత్రమే. చివరి పాట మొదలుకాగానే ఆయన యంత్రాన్ని ఆపివేశారు.

“పోయింది కరెంటా, ఆపరేటరా?” అని కింద నుండి కేకలు, ఈలలు.

మరునాడు ఆయన కత్తెర తీసుకొని, కొండ ఎక్కడం వరకే ఉంచి, మిగిలిన భాగాన్ని కోసివేశారు. ఉంచిన భాగం చివర ‘శుభం’ అన్న ముక్కను అతికించారు. బిడ్డకు తాను చెప్పినట్లే కథ ముగిసింది. అప్పటికి ఆ చిత్రాన్ని చివరి వరకు కూర్చొని చూసినవారు కొద్దిమందే గనుక, ఎవరూ అడగలేదు.

అది మొదలు మా ఊరిలో వానపొట్ట కరగలేదు. ఆ బొమ్మ చూసి పెరిగిన పిల్లలు పెద్దవారై, తమ పిల్లలను తీసుకువచ్చారు. కాస్త లావుగా ఉన్నవారెవరైనా వీధిలో కనబడితే, “ఏం వానపొట్టా, గలగలమంటున్నావు!” అనడం పరిపాటి అయింది. కాలక్రమాన బయటి లోకం కూడా ఆ చిత్రాన్ని నెత్తిన పెట్టుకుంది. దాని చివరి పాటను వీడ్కోలు సభలలో పాడుకోసాగారు. అది ఆ చిత్రంలోని పాట అని మా ఊరివారికి మాత్రం తెలియదు.

చివరకు హాలు మూసివేయాలని నిర్ణయమైంది. ఆఖరి ఆటగా ఆ చిత్రాన్నే, కొత్తగా శుభ్రపరచిన ప్రతి తెప్పించి వేస్తామని యజమాని కొడుకు ప్రకటించాడు.

“పాతదే వేద్దాం బాబూ,” అన్నారు మామయ్య.

“దాన్నిండా గీతలే కదా మామయ్యా! కొత్తది కడిగిన ముత్యంలా ఉందట.”

“గీతలు మన జనానికి అలవాటేగా.”

“ఆఖరి రోజైనా వాళ్ళని సుఖంగా చూడనివ్వండి!”

ఆ సాయంత్రం హాలు కిటకిటలాడింది. వీధిలోని దర్జీ అక్క కుట్టి ఇచ్చిన పొడవు చెవులు తగిలించుకొని పెద్దలు సైతం వచ్చారు. కొండ కొమ్మున వానపొట్ట కరగడం మొదలుపెట్టగానే గగ్గోలు లేచింది.

“ఆపండి! ఇది మా సినిమా కాదు!”

క్యాబినులో మామయ్య పక్కనే ఉన్న యజమాని కొడుకు బొమ్మ ఆపాడు. దర్జీ అక్క రొప్పుతూ క్యాబినులోకి వచ్చింది. చిన్నతనంలో ఆమె చిట్టికి ఆటల తోడు.

“చూశారా మామయ్యా, వానపొట్టని చంపేశారు! మన దాంట్లో ఇలా లేదు కదా? మీరైనా చెప్పండి వీళ్ళకి!”

ఆయన ఆమె వైపు తిరిగారు.

“అసలుది ఇదేనమ్మా. నేనే కోశాను.”

“మీరా? ఎందుకూ?”

“కొండ దాటి వెళ్ళిందని చిట్టికి చెప్పాను.”

దర్జీ అక్క తన తలకున్న చెవులను మెల్లగా తీసివేసింది.

“పోనీ, ఇక్కడితో ఆపేయమందామా?”

ఆయన తల అడ్డంగా ఊపారు. “ఎండల రాణి నీళ్ళు దాచింది, నేను పాట దాచాను. ఇంక చాలు. వెయ్యి బాబూ.”

బొమ్మ తిరిగి కదిలింది. వాన కురిసింది, పిల్ల పాట ఎత్తుకుంది. కింద గోల క్రమంగా అణగిపోయింది. పూర్వం చిట్టి పడుకునే డబ్బాలపై కూర్చొని, ఆయన గోడ కంత గుండా చివరి వరకు చూశారు.

దీపాలు వెలిగాయి. జనం తగిలించుకున్న చెవులు తీసి చేతపట్టుకొని బయటకు నడిచారు.

“పదండి మామయ్యా, తాళం వేస్తారట,” అంది దర్జీ అక్క.

ఆయన కదలలేదు. పక్కనున్న డబ్బాను చేత్తో నిమురుతూ అన్నారు:

“ఇంత మంచి పాటమ్మా. మా చిట్టి వినకుండానే నిద్రపోయేది.”